‘నేను లేకపోతే మీరైనా సుఖపడతారు’ అంటున్నారు.. ఏం చేయాలి?

ప్రశ్న: మా ఆయనకు 43 ఏళ్లు. కౌలు పొలంలో వరసగా రెండేళ్లు మిర్చి వేసి నష్టపోయాం. వడ్డీకి తెచ్చిన అప్పు పెరిగిపోయింది. రెండు నెలలుగా ఆయనకు నిద్ర లేదు, అన్నం సయించడం లేదు, ఎవరితోనూ మాట్లాడరు. తాగుడు ఎక్కువైంది. ‘నేను లేకపోతే మీరైనా సుఖపడతారు’ అని రెండు మూడుసార్లు అన్నారు. సూటిగా అడుగుదామంటే, లేని ఆలోచన నేనే పుట్టించినట్టవుతుందేమోనని భయం. మా అత్తగారేమో ‘అనేవాళ్లు చేసుకోరులే’ అంటున్నారు. నాలుగు రోజులుగా మాత్రం కాస్త తేలికపడినట్టు కనిపిస్తున్నారు. డాక్టర్ దగ్గరికి రమ్మంటే ‘నాకేమన్నా పిచ్చా?’ అని కసురుకుంటున్నారు. ఆయనకు తెలియకుండా అన్నంలో మాత్రలు కలిపి పెట్టొచ్చా?
- ఒక సోదరి, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, కారణాలు తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఈ పూట చేయాల్సిన పని ఒకటుంది. ఇంట్లో, దొడ్లో, పొలం దగ్గర మోటారు షెడ్డులో మిగిలిపోయిన పురుగుమందు, కలుపుమందు డబ్బాలన్నీ ఈరోజే వేరే ఇంటికి పంపించేయండి. బీరువాలో పెట్టి తాళం వేస్తే సరిపోదు, తాళంచెవి ఎక్కడుంటుందో ఆయనకు తెలుసు. మీ అన్నదమ్ములకో, నమ్మకమైన పక్క రైతుకో అప్పగించండి. ఇంకా పిచికారీ పని ఉంటే ఆ రోజుకు కావలసినంతే వేరొకరు తెచ్చి, వాళ్లే కొట్టి, మిగిలింది వాళ్లే తీసుకుపోవాలి. ఇంట్లో ఉన్న నిద్రమాత్రలు, బీపీ, షుగర్ మాత్రలు కూడా మీ చేతిలోనే ఉండాలి. కొన్నాళ్లపాటు రాత్రిళ్లు ఆయన్ను ఒంటరిగా పొలం కాపలాకు వెళ్లనివ్వకండి.

‘చావాలనుకున్నవాడికి ఇది కాకపోతే ఇంకొకటి దొరకదా?’ అని ఊళ్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. పట్టించుకోవద్దు. ప్రాణం తీసుకోవాలన్న తెగింపు రోజంతా ఒకే తీరుగా ఉండదు. ఉవ్వెత్తున లేస్తుంది, కొన్ని నిమిషాలకో గంటలకో తగ్గుతుంది. అది లేచిన సమయంలో చేతికి ఏది అందుబాటులో ఉందన్న దాన్నిబట్టే చాలాసార్లు చావు బతుకులు తేలతాయి. ఆ గండం దాటి బతికి బయటపడినవాళ్లలో ఎక్కువమంది ఆ తర్వాత ఆత్మహత్యతో చనిపోరు. శ్రీలంకలో అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ వచ్చారు. 1995 నాటితో పోలిస్తే అక్కడ ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది. అలాగని అక్కడి రైతుల అప్పులేమీ తీరిపోలేదు. ఆ మధ్యకాలంలో దేశంలో యుద్ధం కూడా నడిచింది.

ఇక అడగడం గురించి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. దీనిమీద జరిగిన పరిశోధనలు ఒకే మాట చెబుతున్నాయి: సూటిగా అడగడం వల్ల ముప్పు పెరగదు, చాలామందికి గుండె బరువు దిగినట్టుంటుంది. అయితే ఎలా అడుగుతారన్నది ముఖ్యం. ‘అలాంటి పిచ్చి ఆలోచనలేవీ పెట్టుకోలేదు కదా?’ అంటే ‘లేదు’ అనే చెబుతారు, జవాబు మీరే అందించారు కాబట్టి. ఆయన తాగని సమయం చూసుకుని, పిల్లలు పక్కన లేనప్పుడు కూర్చుని, ‘నువ్వన్న మాట నా మనసులోంచి పోవట్లేదు. చనిపోవాలని అనిపిస్తోందా?’ అని అడగండి. మీరు మామూలుగా ఎలా పిలుచుకుంటారో అలాగే.

‘అవును’ అంటే మీకు కాళ్లూ చేతులూ ఆడవు. అయినా ఆ క్షణంలో ఏడుపు, తిట్లు, బోధ మూడూ వద్దు. ముఖ్యంగా పిల్లల మీద ఒట్టు వేయించుకోకండి. మన ఇళ్లలో మొదట చేసేదే ఈ పని. ఒట్టు ఆ ఆలోచనను ఆపలేదు కానీ నోరు మాత్రం మూయిస్తుంది. మళ్లీ ఆలోచన వచ్చినప్పుడు ఒట్టు తప్పినట్టవుతుందని ఆయన మీ దగ్గర దాస్తారు. దానికి బదులు ఇంకో రెండు ప్రశ్నలు అడగండి: ఎప్పుడు, ఎలా అన్నది అనుకున్నారా, అందుకోసం ఏమైనా దగ్గర పెట్టుకున్నారా? ఈ రెండింటిలో దేనికి అవునన్నా అది గుండెనొప్పి లాంటి ఎమర్జెన్సీ. ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకుండా అదేరోజు దగ్గర్లోని పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లండి. ‘లేదు, ఊరికే బతుకు మీద విసుగు’ అన్నా సరే, ఈ వారంలోనే సైకియాట్రిస్టుకు చూపించాలి. జిల్లా ఆసుపత్రిలోనూ ఈ వైద్యం ఉంటుంది.

మీ అత్తగారి మాట తప్పు. ఆత్మహత్య చేసుకున్నవాళ్లలో చాలామంది అంతకుముందు ఏదో ఒక రూపంలో ఎవరితోనో ఒకరితో చెప్పుకున్నవాళ్లే. మీ ఆయనదీ బెదిరింపు కాదు. తాను ఇంటికి భారమైపోయానని ఆయన నిజంగానే నమ్ముతున్నారు. ఆ నమ్మకమే మానసిక వైద్యులుగా మేము ఎక్కువగా భయపడే లక్షణం. దానికి నిద్ర లేకపోవడం, తాగుడు, మగమనిషి కావడం తోడయ్యాయి. 2022లో మన దేశంలో నమోదైన 1,70,924 ఆత్మహత్యల్లో నూటికి దాదాపు 72 మంది మగవాళ్లే. గతంలో ఎప్పుడైనా ప్రయత్నం చేశారా, వాళ్ల కుటుంబంలో ఎవరైనా ఇలా పోయారా అన్నది మీరు రాయలేదు. ఉంటే డాక్టర్‌కు దాచకుండా చెప్పండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపింది ఆ ‘నాలుగు రోజులుగా తేలికపడటం’. నిజంగానే కుదుటపడి ఉండొచ్చు. కానీ ఏ వైద్యమూ లేకుండా, ఏ సమస్యా తీరకుండా, రెండు నెలల దిగులు ఒక్కసారిగా విడిపోతే మేము సంతోషించం. కొందరిలో నిర్ణయం తీసేసుకున్నాక అలాంటి ప్రశాంతత వస్తుంది. పాసుపుస్తకాలు, బీమా కాగితాలు ఎక్కడున్నాయో మీకు చెప్పడం, ఎవరెవరికి ఎంత బాకీ ఉందో ఒకచోట రాసిపెట్టడం, మాటలు లేని బంధువుల ఇంటికి వెళ్లి పలకరించి రావడం లాంటివి జరిగాయేమో గుర్తు చేసుకోండి. జరిగి ఉంటే వారం ఆగకండి, ఈరోజే తీసుకెళ్లండి.

అప్పు నా వైద్యానికి లొంగేది కాదు, ఆ విషయంలో మిమ్మల్ని మభ్యపెట్టను. కానీ డిప్రెషన్‌లో ఉన్న మనిషికి నాలుగు లక్షలూ నలభై లక్షలూ ఒకేలా కనిపిస్తాయి. దారి ఉన్నా కనబడదు. అందుకే ముందు మనిషి, తర్వాత లెక్క. ఆయన తమ్ముడో, ఊళ్లో మాట చెల్లే పెద్దమనిషో ఒకరు అప్పులవాళ్లతో మాట్లాడే పని కొన్నాళ్లు నెత్తిన వేసుకోవాలి. వాళ్లు గుమ్మం ముందుకొచ్చి నలుగురిలో కేకలు వేయకుండా చూడాలి. ఆ అవమానం వడ్డీ కన్నా ఎక్కువ చంపుతుంది. బ్యాంకు అప్పు ఉంటే వాయిదాలు మార్చుకునే వీలుందేమో మేనేజర్‌ను అడగండి.

తాగుడు సంగతి. నిద్ర కోసం తాగుతున్నానని ఆయన అంటుండవచ్చు. మద్యం దిగులును పెంచుతుంది, తెగింపునూ పెంచుతుంది. అలాగని రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు. ఇంట్లో సీసాలు పారబోసి పంతం పట్టకుండా డాక్టర్ చెప్పినట్టు మాన్పించాలి.

అనుకోనిది జరిగి ఆయన పురుగుమందు తాగితే ఏం చేయాలో కూడా చెప్పాలి. ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు పట్టించి వాంతి చేయించవద్దు. అవి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదకు తెస్తాయి. ఒంటిమీద, బట్టల మీద పురుగుమందు పడితే మీ చేతులకు తగలకుండా బట్టలు తీసేసి నీళ్లతో కడిగి, 108కు ఫోన్ చేసి, ఆ డబ్బా వెంట పట్టుకెళ్లండి. మనిషి బాగానే ఉన్నట్టు కనిపించినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆలస్యం చేసి మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్లున్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రయత్నం చేసిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలి, శిక్షించకూడదు. ఆసుపత్రిలో వివరాలు రాసుకుంటారు, పోలీసులు వచ్చి అడుగుతారు. అంతవరకే.

అన్నంలో మాత్రలు కలపడం మాత్రం వద్దు. ఏదో ఒకరోజు తెలుస్తుంది. ఆయనకు ఇప్పుడు లోకంలో మిగిలిన నమ్మకం మీరొక్కరే, అదీ పోతుంది. పైగా తాగుడు మీద ఏ మాత్ర ఎలా పనిచేస్తుందో మీకు తెలియదు. ‘పిచ్చి’ అన్న మాట దగ్గర వాదన పెట్టుకోకుండా, ‘రెండు నెలలుగా నిద్ర లేదు, నిద్ర కోసం చూపిద్దాం’ అనండి. అబద్ధమేమీ కాదు, మేము మొదట సరిచేసేదీ నిద్రనే. అప్పటికీ రానంటే మీరొక్కరే డాక్టర్ దగ్గరికి వెళ్లి పరిస్థితి చెప్పి రండి. లేదా ఇప్పుడే 14416కు ఫోన్ చేయండి. అది మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీమానస్, రాత్రీపగలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. మీరు మాట్లాడాక, ఒప్పుకుంటే ఫోన్ ఆయనకివ్వండి.

వైద్యం మొదలయ్యాక మాత్రల పని తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ మొదటి వారాల్లోనే ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి. దిగులు తగ్గకముందే ఒంట్లో ఓపిక వస్తే ముప్పు పెరగవచ్చు. మాత్రలు వారానికి సరిపడా మాత్రమే తెచ్చుకుని, ఏ పూటకాపూట మీ చేత్తో ఇవ్వండి. రాత్రిళ్లు మీరొక్కరే మేలుకుని కాపలా కాయలేరు, కాయొద్దు కూడా. మీ అన్ననో మరిదినో పిలిపించి రెండు వారాలు ఇంట్లోనే ఉండమని చెప్పండి.