పోలిక రావడం లేదని మాన్పించకండి

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. అమ్మాయి ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. ఖాళీ దొరికితే చాలు, పెన్సిల్‌తో మనుషుల ముఖాలు వేస్తుంది. రెండేళ్లయినా పోలిక రావడం లేదు. వాళ్ల తాతగారి బొమ్మ వేస్తే ఎవరో తెలియని ముసలాయనలా ఉంది. మూడు నెలలు గడువిచ్చాను, అప్పటికీ రాకపోతే మానేయమన్నాను. ఈలోగా టౌన్లో ఒక సంస్థవాళ్లు యానిమేషన్, వీఎఫ్ఎక్స్ డిప్లొమాలో చేర్చమంటున్నారు. ఫీజు రెండున్నర లక్షలు. బీఎఫ్ఏ (చిత్రకళ లాంటి కళల డిగ్రీ), బీడిజైన్ (డిజైన్ డిగ్రీ), ఈ డిప్లొమా... మూడింటినీ పోల్చి చెప్పండి.

జవాబు: చెబుతానండి. కానీ మీ అసలు భయం కోర్సుల గురించి కాదు. అమ్మాయికి నిజంగా చెయ్యి ఉందా, లేక బొమ్మల్లో పడి మార్కులు కూడా పోగొట్టుకుంటుందా అన్నది మీ బెంగ. ముందు దాని సంగతి చూద్దాం.

పోలిక ముప్పాతిక వంతు కొలతల పని. మాడు నుంచి గడ్డం కొన దాకా తీసుకుంటే పెద్దవాళ్ల కళ్లు సరిగ్గా మధ్యలో ఉంటాయి. కొత్తగా వేసేవాళ్లు దాదాపు అందరూ వాటిని పైకి జరిపి నుదురు కోసేస్తారు. కళ్ల దగ్గర ముఖం వెడల్పు సుమారు అయిదు కళ్లంత, రెండు కళ్ల మధ్య ఎడం ఒక కన్నంత. చెవి కనుబొమల ఎత్తున మొదలై ముక్కు అడుగు దగ్గర ముగుస్తుంది. ఇవి సగటు లెక్కలు. తాతగారి ముఖం ఈ లెక్కకు ఎక్కడ తేడాగా ఉందో అక్కడే ఆయన పోలిక ఉంటుంది. పళ్లు ఊడిన పెద్దవాళ్లకి ముక్కుకీ గడ్డానికీ మధ్య దూరం తగ్గిపోతుంది. పిల్లలు అది గమనించక పడుచువాడి దవడే గీసి, దాని మీద ముడతలు గీతలుగా పెడతారు. అప్పుడు వచ్చేది మీరన్న తెలియని ముసలాయనే. ముడత గీత కాదు, చిన్న నీడ. ఇదంతా నేర్చుకుంటే వచ్చేదే, పుట్టుకతో రావాల్సిన పని లేదు.

మరి రెండేళ్లు వేసినా ఎందుకు రాలేదు? వేసింది పక్కన పెట్టి కొత్తది మొదలుపెట్టడం వల్ల. దిద్దుకోకుండా వంద ముఖాలు వేస్తే ఒకే తప్పు వందసార్లు అలవాటవుతుంది.

రోజుకు నలభై నిమిషాలు చాలు. మొదటి పది నిమిషాల్లో రెండేసి నిమిషాలకొకటి చొప్పున అయిదు ముఖాలు: తల వంపు, మెడ, పెద్ద నీడ తప్ప ఇంకేమీ ఉండకూడదు. తరవాత ఇరవై నిమిషాలు ఒకే ముఖం. చివరి పది నిమిషాలు దిద్దుబాటుకి. ఫొటోని బొమ్మ సైజులోనే ప్రింట్ తీయించి, దాని మీద ట్రేసింగ్ కాగితం పెట్టి కళ్లు, ముక్కు అడుగు, పెదవుల మధ్య గీత, గడ్డం గుర్తు పెట్టాలి. ఆ కాగితాన్ని తన బొమ్మ మీదికి మార్చి, ఎక్కడ తప్పిందో ఎర్ర పెన్నుతో రాసుకోవాలి, తేదీతో సహా. "ఎడమ కన్ను పైకి పోయింది, దవడ సన్నబడింది" అని రాస్తే చాలు. అదే తప్పు వారంలో నాలుగుసార్లు కనబడితే వచ్చే వారం దాని మీదే పని. ఈ పది నిమిషాలే అందరూ ఎగ్గొట్టేది, చెయ్యి తిరిగేదీ వీటి వల్లే.

మొదటి మూడు వారాలు కనురెప్పల వెంట్రుకలూ, జుట్టు పోగులూ వద్దు. తలని గుండ్రటి పుర్రె, దానికి కింద బిగించిన దవడగా వేసి, నుదురు ముందు భాగం ఎక్కడ ఆగి కణత మొదలవుతుందో, చెంప ఎముక కింద ముఖం ఎక్కడ లోపలికి తిరుగుతుందో మాత్రమే చూడాలి. ఆ తరవాత వారానికొక అవయవం. కంటి తెల్లగుడ్డుని కాగితమంత తెల్లగా వదిలేస్తే బొమ్మ ఉలిక్కిపడి చూస్తున్నట్టు ఉంటుంది. గుడ్డు గుండ్రంగా ఉంటుంది, పై రెప్ప నీడ దాని మీద పడుతుంది. పళ్లు ఒక్కొక్కటిగా గీస్తే చిక్కుడు గింజలు పేర్చినట్టే. ముక్కాలు వంతు తిరిగిన ముఖంలో దూరంగా ఉన్న కన్ను ఇరుకవుతుంది, దాన్ని దగ్గరి కన్నంత వేస్తే ముఖం చదునైపోతుంది.

సామాను ఖరీదైనదేమీ కాదు. ఒక రీమ్ ఏ4 జెరాక్స్ కాగితం, హెచ్‌బీ, 2బీ, 4బీ పెన్సిళ్లు, మెత్తని రబ్బరు. పరీక్ష ప్యాడ్‌ని మంచం మీద బల్లపరుపుగా పెట్టి వంగి గీస్తే, నిలబెట్టి చూసినప్పుడు ముఖం సాగిపోయి కనబడుతుంది. ప్యాడ్ ఏటవాలుగా ఉండాలి. నీడని వేలితో రుద్దనివ్వకండి, అంతా బూడిద ముద్ద అవుతుంది. మన చెమటకి చెయ్యి కింద ఒక కాగితం తప్పనిసరి. ముసురు రోజుల్లో కాగితాలు ప్లాస్టిక్ కవర్లో ఉంచాలి, తేమ పట్టిన కాగితం మీద పెన్సిల్ సరిగా పట్టదు.

ఫోన్ ఫొటోలతో జాగ్రత్త. మొహానికి దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. దాన్ని ఎంత బాగా దించినా మనిషిలా ఉండదు. అయిదారు అడుగుల దూరం నుంచి జూమ్ చేసి తీయాలి. అంతకన్నా మంచిది ఎదురుగా కూర్చున్న మనిషి. పైన ట్యూబ్‌లైట్ ఆర్పేసి, పొద్దుటిపూట వసారాలో ఒక పక్క నుంచే వెలుతురు పడేలా కూర్చోబెడితే నీడ ఒక స్పష్టమైన ఆకారంలో కనిపిస్తుంది. సెలవు రోజున మీలో ఎవరైనా తోడు వెళ్లి నరసాపురం రేవులో సఖినేటిపల్లి పంటు (రేవు దాటించే పడవ) కోసం నిలబడ్డవాళ్లనో, అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో పనివాళ్లనో వేయించండి. పనిచేసేవాళ్లు మళ్లీ మళ్లీ అదే భంగిమకి వస్తారు, సగంలో ఆగిన బొమ్మ పూర్తి చేసుకోవచ్చు. ముందు వాళ్లని అడగడం మర్యాద.

ఇక ఆ డిప్లొమా. నాకు దీని మీద అనుమానాలు చాలా ఉన్నాయి, దాచను. ఇలాంటి కోర్సుల్లో చాలావాటిలో నేర్పేది సాఫ్ట్‌వేర్ బటన్లు. సాఫ్ట్‌వేర్ రెండు మూడేళ్లకి మారిపోతుంది. పైగా కొత్తగా చేరినవాళ్లకి ఇచ్చే చిల్లర పని, అంటే రఫ్ స్కెచ్‌లు, బ్యాక్‌గ్రౌండ్లు, ఇప్పుడు ఏఐ నిమిషాల్లో తీసి పెడుతోంది. ఆ బొమ్మలో మెడ తప్పుగా అతికిందని, వెలుగు రెండు వైపుల నుంచి వస్తోందని పట్టుకోగలిగిన కన్నుకే ఇంకా విలువ ఉంది. ఆ కన్ను వచ్చేది పైన చెప్పిన ఎర్ర పెన్నుతో. అసలు త్రీడీ మీద ఆసక్తి ఉందో లేదో తెలుసుకోవడానికి బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, వేసవి సెలవుల్లో ఇంట్లోనే చూసుకోవచ్చు. అయినా ఆ సంస్థకే వెళ్తానంటే, వారానికి ఎన్ని గంటలు మనిషిని కూర్చోబెట్టి గీయిస్తారో అడగండి, రెండో ఏడు పిల్లల స్కెచ్‌బుక్కులు చూపించమనండి. "నూరు శాతం ప్లేస్‌మెంట్" అంటే ఏ కంపెనీ, ఏ పని, ఎంత జీతం అని కాగితం మీద రాయించుకోండి. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.

పోల్చమన్నారు కదా. బీఎఫ్ఏ నాలుగేళ్లు. హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం), విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం లాంటి చోట్ల ఉంది. చెయ్యి, కన్ను రెండూ గట్టిపడతాయి, సంపాదన మాత్రం నెమ్మదిగా మొదలవుతుంది. బీడిజైన్ కూడా నాలుగేళ్లే. అందులో చేరడానికి రాసే యూసీడ్, ఎన్ఐడీ ప్రవేశ పరీక్షలు రెండింటిలోనూ డ్రాయింగ్ పరీక్షిస్తారు, కానీ ఫొటోని దించే నేర్పు అక్కడ పనికిరాదు. మనుషులూ వస్తువులూ ఉన్న సన్నివేశాన్ని ఊహించి వేయాలి. ఉద్యోగాల దారి కాస్త సూటిగా ఉంటుంది, పోటీ ఎక్కువ. ఈ రెండింటికీ ఎంపీసీ అడ్డం కాదు, ఇంటర్ పూర్తి చేయనివ్వండి. ఏది ఎంచుకోవాలో సెకండియర్ మొదట్లో తేల్చుకున్నా సరిపోతుంది.

మీ మూడు నెలల గడువు గురించి ఒక మాట. కోప్పడుతున్నానని అనుకోకండి, కాస్త కోపమే. ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లకి ఫిజిక్స్‌లో మార్కులు తగ్గితే ట్యూషన్ పెట్టిస్తారు, బొమ్మలో ముక్కు తప్పితే మానేయమంటారు. వచ్చిన చుట్టాలకి బొమ్మ చూపించి "ఇదెవరో చెప్పుకోండి" అని నవ్వడం కూడా ఇక ఆపాలి. మన జిల్లాల్లో దీనికి గౌరవం లేదనుకోకండి. కొత్తపేట శిల్పశాలల్లో ఫొటో చూసి మట్టిలో పోలిక తేవడం మీదే కుటుంబాలు బతుకుతున్నాయి. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు చిత్రశాలకి ఒకపూట తీసుకెళ్లండి. ఆయన బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్లో చదువుకున్నాడు, 1925లో ముప్పై నిండకుండానే పోయాడు. అన్నీ చూసేయాలని కంగారుపడకుండా ఒక్క ముఖం ముందు అరగంట నిలబడి నోట్‌బుక్‌లో గీసుకోమనండి.

మూడు నెలలు ఉండనీయండి, కొలిచే పద్ధతి మార్చండి. మొదటి వారం కాగితాలూ పన్నెండో వారం కాగితాలూ పక్కపక్కన పరిచి, ఎర్ర పెన్ను రాతలు తగ్గాయో లేదో చూడండి. అవే తప్పులు అలాగే ఉంటే పద్ధతిలో ఎక్కడో లోపం ఉంది. అప్పుడు ఆ కాగితాలు పంపండి, చూసి చెబుతాను. ఈ పన్నెండు వారాలూ ప్రతి ఆదివారం గంటసేపు మోడల్‌గా మీరే కూర్చోండి. ఇరవై నిమిషాలకొకసారి లేచి నడవొచ్చు, కుర్చీ కాళ్ల దగ్గర సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటే మళ్లీ అదే చోట కూర్చోవచ్చు. ఫోన్ పక్క గదిలో పెట్టండి, దాన్ని చూడ్డానికి తల దించిన ప్రతిసారీ ఆమె కొలతలు మళ్లీ మొదటికొస్తాయి.