మలుపులో టైర్ పట్టు ఎంతుందో ఎలా తెలుస్తుంది?

బైక్ మీద నేరుగా ఎంత స్పీడైనా వెళ్తాను, మలుపు వస్తే మాత్రం టైర్ ఎక్కడ జారుతుందోనని టెన్షన్, ఆ అంచనా ఎలా వస్తుందని అడిగారు.

ముందు చేతులు వదులవ్వాలి. అన్నిటికంటే పెద్ద తేడా ఇక్కడే ఉంది. హ్యాండిల్ బిగబట్టి కూర్చుంటే ముందు టైర్ కింద ఏం జరుగుతోందో మీకు తెలియనే తెలియదు. ట్యాంకును తొడలతో గట్టిగా పట్టి, బ్రేక్ వేసినా ఒంటి బరువు మణికట్ల మీద పడకుండా చూసుకోండి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ మీద అలా కూర్చోవడం అలవాటయ్యాకే నాకు మలుపు మధ్యలో హ్యాండిల్ బరువు మారడం వేళ్లకు తెలియసాగింది. అది ఉన్నట్టుండి తేలికైతే ముందు టైర్ పట్టు వదులుతోందన్నమాట. వెనక టైర్ సంగతి సీటులోంచి తెలుస్తుంది, అది జారే ముందు సాధారణంగా కాస్త కదిలి చెబుతుంది. ముందు టైర్ అంత టైమివ్వదు.

ఇక బ్రేక్. లివర్‌ని ఒక్కసారిగా లాగేస్తే బరువు ముందుకు రాకముందే చక్రం లాకవుతుంది. మెల్లగా మొదలుపెట్టి పెంచండి: ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులు దిగుతాయి, టైర్ రోడ్డుకి ఇంకాస్త ఎక్కువగా ఆనుతుంది, అప్పుడది గట్టి బ్రేకింగ్‌ని కూడా తట్టుకుంటుంది. టైర్ పట్టు నెల జీతం లాంటిది, బ్రేక్‌కీ మలుపుకీ అందులోంచే ఇవ్వాలి. అందుకే బండి వాలేకొద్దీ బ్రేక్ వదులుతూ రావాలి, లేచేకొద్దీ థ్రాటిల్ పెంచాలి.

ప్రాక్టీసులో ఒకే మలుపు, ఒకే గేర్, ఒక్కసారికి ఒక్కటే మార్చండి. టైర్లలో గాలి అవి చల్లగా ఉన్నప్పుడే చెక్ చేయండి. బండిని అటూ ఇటూ ఊపితే టైర్లు పెద్దగా వేడెక్కవు, గట్టిగా బ్రేక్ వేస్తూ థ్రాటిల్ ఇస్తూ ఉంటే వేడెక్కుతాయి.

ఇదంతా ట్రాక్ మీద మాట. శ్రీశైలం ఘాట్‌లో ఇసుక, లారీ కార్చిన డీజిల్, తొలి వానకి పైకి తేలే నూనె, ఇవేవీ మీ చేతుల్లో లేవు. అక్కడ కనిపించేంత దూరంలో ఆగగలిగే స్పీడే వెళ్లండి. హద్దు ఎక్కడుందో చూడాలంటే ట్రాక్ డేకి, అంటే మామూలు రైడర్లని రేస్ ట్రాక్ మీద నడపనిచ్చే రోజుకి, వెళ్లండి. రైడింగ్ సూట్, బూట్లు లేకపోతే నిర్వాహకులు అద్దెకిస్తారేమో బుక్ చేసే ముందే అడగండి.