సూదులకంటే ముందు వేడి చూడు

చిట్టితల్లీ,

తార్నాకలో చిట్టెలుకలకి శబ్దం వినిపించి మెదడులో లేచే విద్యుత్ అలల్ని పట్టే వినికిడి రికార్డింగు మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గర్వంగా ఉంది, దడగానూ ఉంది. పుర్రె జోలికి పోకుండా చర్మం కింద సూదులతోనే కానిస్తావట. మంచిది.

సూదుల సంగతి నీకు తెలిసిందే: నడినెత్తిన ఒకటి, చెవి వెనక ఒకటి, తోక మొదట్లో గ్రౌండు. ఇంపిడెన్సు, అంటే సూది దగ్గర కరెంటుకి తగిలే అడ్డు, 3 కిలో ఓమ్‌లు దాటితే తీసి మళ్లీ గుచ్చు. ఫిల్టరు 300 నుంచి 3000 హెర్ట్జ్. ఒక్కో శబ్ద స్థాయికి 512 స్పందనల సగటు. మత్తులో ఎలుక కళ్లు తెరిచే ఉంటాయి, ఆయింట్‌మెంటు మరిచిపోకు.

వినిపించే టిక్కు శబ్దాలు, అదే క్లిక్కులు, సెకనుకు 25 మాత్రం పెట్టకు. మన కరెంటు 50 హెర్ట్జ్. ప్రతి క్లిక్కూ సూదుల్లోకి చొరబడే ఆ కరెంటు హమ్‌లో ఒకే చోట పడుతుంది, ఎన్నిసార్లు సగటు తీసినా పోదు. 21 పెట్టు.

ఇక నా అసలు భయం వేడి గురించి. కెటమీన్, జైలజీన్ మత్తు ఎక్కాక పాతిక గ్రాముల ప్రాణి ఏసీ గదిలో చూస్తుండగానే చల్లబడుతుంది. ఒళ్లు చల్లబడితే నరాలు నెమ్మదించి అలలు ఆలస్యమవుతాయి. ఈ తప్పు ఇట్టే దొరకదు. 90 డెసిబెల్స్ దగ్గర మొదలుపెట్టి అయిదేసి చొప్పున దిగుతామా, శబ్దం తగ్గేకొద్దీ అలలు ఎలాగూ వెనక్కి జరుగుతాయి. చలి తెచ్చిన జాప్యం దాని చాటున నక్కుతుంది. పైగా పొద్దున మామూలు ఎలుకల్ని, భోజనమయ్యాక జీన్ మారిన మ్యూటెంట్లని పెట్టి, మధ్యలో ఎలుక కింది వేడి ప్యాడు చల్లారిందని చూసుకోరు. తేడా రాగానే జీన్ మహిమ అని రాసేస్తారు. జీనూ కాదు, గీనూ కాదు, ఏసీ! రెండు రకాల్నీ కలిపి, ఏది ఏదో నీకు తెలియకుండా వరస వేయించుకో.

మలద్వారంలో పెట్టిన ప్రోబు 37 డిగ్రీలు చూపిస్తేనే మొదటి క్లిక్కు. ప్యాడు డీసీది వాడు, లేదంటే అదో హమ్. ప్యాడు మీద పల్చటి గుడ్డ వెయ్యి, పొట్ట కాలుతుంది పాపం. చివర్లో మళ్లీ ఒకసారి 90 వినిపించు. అలలు మొదటివాటి మీదే పడాలి. పక్కకి జరిగితే ఆ ఎలుక డేటా మీద ఆశ వదులుకో, ఏడవకు.

సీ57 బ్లాక్ 6 అనే ల్యాబు జాతి ఎలుకలైతే వయసు తప్పకుండా రాసుకో. వాటికి వయసుతోపాటు చెవుడొస్తుంది, కీచు శబ్దాలు ముందు పోతాయి.

ఎలుక లేచి నడిచేదాకా వెచ్చగా ఉంచు, తోటివాటి బోనులో వెయ్యకు. ఆ గదిలో నువ్వూ స్వెట్టరు వేసుకో. అన్నం డబ్బా ల్యాబు ఫ్రిజ్‌లో పెట్టావని తెలిస్తే మాత్రం ఊరుకోను.

మీ మామయ్య