“కాలు జారింది” అంటే అక్కడితో వదిలెయ్యకండి

మీ అమ్మకు 72 ఏండ్లు, మహబూబ్‌నగర్ దగ్గర ఊర్ల ఒక్కతే ఉంటది, రెండు నెలలల్ల రెండుసార్లు బాత్రూంల పడ్డది, టైల్స్ మార్పిస్తే సరిపోతదా అని అడిగినరు. మా ఇంట్ల గూడ ముందుగాల చేసిన పని అదే. అది సరిపోలేదు.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు. మా అత్తమ్మకు అప్పుడు 74. మొదటిసారి పడ్డప్పుడు కుడిచెయ్యి మణికట్టు విరిగింది. ఏమైందత్తమ్మా అంటే, “ఏం లేదు బిడ్డా, కాలు జారింది” అన్నది. మేము నమ్మినం. మేస్త్రీని పిలిచి నున్నటి టైల్స్ తీయించి గరుకువి వేయించినం, గోడకు స్టీలు కడ్డీ బిగించినం. నాలుగు నెలలు గాకముందే మళ్ల పడ్డది. ఈసారి మంచం పక్కనే, రాత్రి మూడింటికి. తుంటి ఎముక విరిగింది.

ఆపరేషన్ అయినంక డాక్టరమ్మ పక్కన కూసోని నిమ్మళంగ అడిగితే అప్పుడు చెప్పింది, లేవంగనే కండ్ల ముందర చీకట్లు వచ్చినయని. మొదటిసారి గూడ అంతేనట. కండ్లు తిరిగినయంటే దవాఖానకు తిప్పుతరు, చేను కాడికి పోనియ్యరు అని దాచుకున్నది. పండుకున్నప్పుడు బీపీ చూసి, నిలబెట్టినంక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్ల చూసిండ్రు. నిలబడంగనే పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని తగ్గితే పడే ప్రమాదం ఉన్నట్టే లెక్క. అత్తమ్మకు అంతకన్న ఎక్కువే తగ్గింది. బీపీ గోలీ, నిద్ర గోలీ రెండూ రాత్రే వేసుకునేది. డాక్టరమ్మ ఒకటి మార్చింది, ఇంకొకటి మెల్లమెల్లగ మాన్పించింది. మీరు సొంతంగ ఏ గోలీ ఆపొద్దు. మీ అమ్మ గోలీలన్నీ ఒక సంచిల వేసుకొని పోయి చూపియ్యండి, బీపీ నిలబెట్టి గూడ చూడమని అడగండి. అప్పటిసంది అత్తమ్మ లేవంగనే నడవదు. మంచం అంచున కూసోని, కాళ్లు కిందికి దించి, రెండు నిమిషాలు ఆడించి అప్పుడు లేస్తది.

ఇంకొకటి చేసిన, మీరూ చెయ్యండి. ఒక రాత్రి అత్తమ్మ మంచం మీద నేను పండుకొని, మూడింటికి లేసి, లైటు వెయ్యకుండ బాత్రూం దాక నడిచిన. అన్నేండ్లు ఆ ఇంట్ల తిరిగిన నాకు అప్పుడు తెలిసింది. స్విచ్చేమో అర్ర అవతల దర్వాజ పక్కన. నడుమ కూలర్ వైరు. నవారు సాగి మంచం గుంతలెక్క అయింది, నాకే లేవరాలేదు. బాత్రూం ముంగట రెండంగుళాల గడప. మా దిక్కు పెద్దోళ్లు ఏండ్లకేండ్లు బోరు నీళ్లు తాగినోళ్లు, ఫ్లోరైడుతోని మెడ, వెన్ను బిగుసుకపోయి ఉంటయి. వాళ్లు తల వంచి కింద చూడలేరు. మనకు కనిపించే గడప వాళ్లకు కనపడదు.

నవారు బిగించినం, వైరు గోడెంబడి తిప్పినం, రాత్రంతా ఎలిగే చిన్న బల్బు పెట్టినం. బాత్రూం గడప తీయించినం. పెద్ద దర్వాజ గడప పసుపు రాసి మొక్కేది, దాన్ని ముట్టుకోలేదు, పక్కన పట్టుకోను కడ్డీ పెట్టినం. బాత్రూం తలుపు బయటికి తెరుచుకునేటట్టు మార్పించినం. లోపల మనిషి తలుపుకు అడ్డం పడితే లోపలికి తెరుచుకునే తలుపు ఎవ్వరూ తియ్యలేరు. మీ అమ్మ ఒక్కతే ఉంటదంటున్నరు, లోపల గొళ్లెం పెట్టొద్దని గట్టిగ చెప్పండి. ఫోను తాడుకు కట్టి మెడల వేసుకోమనండి.

పొద్దున వాకిలి చల్లుడు మాత్రం అత్తమ్మ మానలేదు. మేము గూడ మానమనలేదు, తెల్లారినంకనే చల్లమన్నం, అరిగిపోయిన హవాయి చెప్పులు పారేసి మడిమెకు పట్టీ ఉన్నయి కొనిచ్చినం. పడుతదన్న భయంతోని కూసోబెడితే కాళ్లల్ల బలం పోతది, బలం పోతే ఇంకా పడుతరు. ఫిజియోథెరపీ ఆయన నేర్పిన రెండు పనులు ఇప్పటికీ చేస్తది. కుర్చీల నుంచి చేతులు ఆనియ్యకుండ పదిసార్లు లేసి కూసునుడు, గట్టు పట్టుకొని మడిమెలు లేపి దించుడు. మొదట్ల మూడుసార్లు గూడ లేవరాకపోయేది. మీ అమ్మతోని మొదలుపెట్టిచ్చేటప్పుడు పక్కన ఒకరు ఉండాలె.

పక్కింటోళ్లకు ఇది ఇప్పుడే చెప్పిపెట్టండి. ఎప్పుడన్న పడితే రెక్కలు పట్టి గుంజి లేపొద్దు. కాలు పొట్టిగయి బయటికి తిరిగినట్టు కనబడ్డా, కాలు మీద బరువు ఆనకపోయినా, తలకు దెబ్బ తగిలినా కదిలియ్యకుండ 108కి ఫోన్ చెయ్యాలె. ఆ రాత్రి మేము ముగ్గురం కలిసి అత్తమ్మను లేపి ఆటోల కూసోబెట్టి తీస్కపోయినం. దారి పొడుగునా ఆమె కొంగు నోట్ల కుక్కుకొనే ఉన్నది.