షటిల్ ఆడే మేనల్లుడికి, మోచేతి నొప్పి గురించి

చిరంజీవి సుధీర్‌కు మావయ్య ఆశీస్సులు.

కుడి మోచేతి బయటివైపు నెల్లాళ్ళుగా నొప్పి అనీ, పాలగిన్నె ఎత్తినా తడి తువ్వాలు పిండినా లాగేస్తోందనీ, ఎవరో ఇంజెక్షన్ చేయించుకోమన్నారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఇంజెక్షన్‌కి తొందరపడకు. అలాగని చేతిని జోలెలో వేసుకుని కూర్చోనూ వద్దు.

ముందు అది టెన్నిస్ ఎల్బో అవునో కాదో తేల్చుకో. మోచేయి పూర్తిగా చాపి, అరచెయ్యి నేలవైపు ఉంచి, ప్లాస్టిక్ కుర్చీని వీపు దగ్గర పట్టుకుని ఎత్తు. మోచేతి బయటివైపు ఎముక గుబ్బ దగ్గర కలుక్కుమంటే చాలావరకు అదే. తర్వాత చెయ్యి అలాగే చాపి నడివేలు పైకి లేపి ఉంచు, ఆ వేలిని కిందికి నొక్కమని మీ ఆవిడతో చెప్పు. అప్పుడూ మోచేతి దగ్గరే నొప్పి పుడితే ఇంక పెద్దగా అనుమానం అక్కర్లేదు. నడివేలికీ మోచేతికీ సంబంధం ఏమిటంటావా? ఎక్స్‌టెన్సర్ కార్పి రేడియాలిస్ బ్రెవిస్ అనే కండరం ఆ బయటి గుబ్బ దగ్గర మొదలై, ముంజేతి వీపు వెంట దిగి, నడివేలి కింద అరచేతిలో ఉండే ఎముక మొదట్లో అతుక్కుంటుంది. నీకు దెబ్బతిన్నది దాని పైకొస, అంటే కండరాన్ని గుబ్బకు కట్టి ఉంచే టెండన్.

ఈ కండరం మణికట్టును వెనక్కి లేపుతుందని పుస్తకాల్లో ఉంటుంది. నిజమే కానీ, రాకెట్ పట్టినవాడికి దానితో ఇంకో పెద్ద పని ఉంది. పిడికిలి బిగిస్తే వేళ్ళను ముడిచే కండరాలు మణికట్టును కూడా లోపలికి లాగుతాయి. అలా వంగిపోకుండా నిలబెట్టేది ఇదే. ఎంత గట్టిగా పట్టుకుంటే దానికి అంత పని. అందుకే నొప్పి మోచేతిలో ఉన్నా తప్పు పిడికిట్లో వెతకాలి. పగలంతా మౌస్ మీద మణికట్టు లేపి ఉంచడం కూడా దీని ఖాతాలోకే వస్తుంది. ఈ నొప్పి ఎక్కువగా 35 దాటాక 55 లోపు వస్తుంది, వచ్చినవాళ్ళలో చాలామంది టెన్నిస్ మొహం చూడనివాళ్ళే. మన దేశంలో ఈ పేరు ఇంటింటికీ తెలిసింది మాత్రం 2004లో సచిన్‌కు వచ్చినప్పుడే.

ఇంజెక్షన్ సంగతి. వారాల తరబడి సాగే ఈ నొప్పిలో వాపు పాత్ర తక్కువ. టెండన్‌లో పోగులు వరస తప్పి, బలం తగ్గి ఉంటాయి. ఆ ఇంజెక్షన్‌లో ఉండే స్టెరాయిడ్ నొప్పిని కొన్ని వారాలు అణుస్తుంది కానీ పోగుల్ని సరిచేయదు. ఆస్ట్రేలియాలో 165 మంది మీద చేసి 2013లో వెల్లడించిన పరిశోధనలో, స్టెరాయిడ్ తీసుకున్నవాళ్ళలో ఏడాదిలోపు నూటికి 54 మందికి తిరగబెట్టింది. ఉత్త సెలైన్ ఎక్కించినవాళ్ళలో తిరగబెట్టింది 12 మందికే. నొప్పి తగ్గిందని మనవాడు మర్నాడే స్మాష్‌లు కొడతాడు, అది ఇంకో గొడవ.

టెండన్‌కు కావలసింది కొలత ప్రకారం బరువు. మొదటి రెండు వారాలు ఇలా చెయ్యి. ముంజేయి మొత్తం బల్లమీద ఆనించి, అరచెయ్యి కిందివైపుకి, మణికట్టు బల్ల అంచు దాటి బయటికి వచ్చేలా కూర్చో. నిండా నీళ్ళున్న లీటరు బాటిల్ అంటే కిలో బరువు. అది పట్టుకుని మణికట్టు తిన్నగా, కదలకుండా 30 నుంచి 45 సెకన్లు నిలుపు. నిమిషం ఆగి మళ్ళీ. అలా 5 సార్లు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. కిలో మోయలేకపోతే అరలీటరు బాటిల్‌తో మొదలుపెట్టు, నామోషీ ఏం లేదు.

మూడో వారం నుంచి కదలిక. ఎడమచేత్తో సాయం పట్టి బాటిల్‌ను పైకి తీసుకెళ్ళు, కుడిచెయ్యి ఒక్కదానితో నాలుగు అంకెలు లెక్కపెట్టేంత నెమ్మదిగా కిందికి దించు. 15 చొప్పున 3 విడతలు, రోజు విడిచి రోజు. తేలిగ్గా అనిపించినప్పుడు అరకిలో పెంచు. తర్వాత అదే వ్యాయామం మోచేయి చాపి చెయ్యి, అప్పుడే టెండన్ మీద అసలు లాగుడు పడుతుంది. సుత్తి పిడి చివర పట్టుకుని, దాని తల బరువుకు ముంజేతిని నెమ్మదిగా అటూ ఇటూ తిప్పడం కూడా 10 చొప్పున 3 విడతలు చేర్చు. భుజానికి రబ్బరు బ్యాండ్‌తో రెండు వ్యాయామాలు ఉండాలి. భుజం సోమరి అయితే ఆ పని మోచేతి నెత్తిన పడుతుంది.

చేస్తున్నప్పుడు నొప్పి వస్తుంది, భయపడకు. పదికి మూడు, నాలుగు దాకా ఉన్నా, మర్నాడు పొద్దుటికి మామూలైపోతే సరిపోయినట్టే. మర్నాడు కప్పు ఎత్తడానికి కూడా కష్టమైతే బరువు ఎక్కువైందన్నమాట, సగానికి దించు. ఆరువారాల్లో తేడా తెలుస్తుంది, పూర్తిగా తగ్గడానికి మూడు నెలలో, ఇంకాస్త ఎక్కువో పడుతుంది. వారానికి తగ్గలేదని వదిలేసేవాళ్ళే ఎక్కువ. నొప్పి మాత్ర వేసుకుని కోర్టులోకి దిగే పని మాత్రం ఎప్పుడూ చెయ్యకు.

పట్టీ కట్టుకుంటే నొప్పి ఉన్నచోట కట్టకు. గుబ్బకు రెండు వేళ్ళ వెడల్పు కిందగా, కండరం బొద్దుగా ఉండేచోట కట్టాలి. ఆడేటప్పుడే వాడు, వేళ్ళు తిమ్మిరెక్కేలా బిగించకు.

ఇప్పుడు రాకెట్. చెమటకి గ్రిప్ జారితే తెలియకుండానే పిడికిలి బిగుస్తుంది. పిడి మీద చుట్టే ఓవర్‌గ్రిప్ నున్నబడగానే మార్చు, చెయ్యి మరీ తడిసిపోతుంటే టవల్ గ్రిప్ వేయించు. టీవీలో ఆటగాళ్ళను చూసి గట్టింగ్, అంటే తీగల బిగింపు, 28 పౌండ్లు పెట్టించావనుకుంటా. ఆ బిగింపు పెరిగినకొద్దీ తీగల నడుమ షటిల్ కాక్ సరిగ్గా తగలాల్సిన చోటు చిన్నదవుతుంది, తప్పిన ప్రతి దెబ్బా చేతికి అదురుగా వస్తుంది. 23, 24కి దించు. ఫ్రేమ్ బరువు గుర్తు 3యూ అయితే, అంతకన్నా తేలికైన 4యూకి మారు, అది 80 నుంచి 84.9 గ్రాములే.

కోర్టులో అందరూ 'రిస్ట్ వాడు, రిస్ట్ వాడు' అని అరుస్తారు. స్మాష్‌లో జోరు మణికట్టు మడవడం వల్ల పెద్దగా రాదు. ముంజేతిలో ఉండే రెండు ఎముకల్లో రేడియస్, మోచేతి దగ్గర అల్నా పక్కన తిరుగుతుంది, ముంజేయి లోపలికి తిరగడం అంటే అదే. పై చెయ్యి భుజం దగ్గర తిరగడం, దానితో కలిసి ముంజేయి తిరగడం, జోరు వచ్చేది ఆ రెండిటి నుంచి. బ్యాక్‌హ్యాండ్‌లో ముంజేయి ఎదురువైపు తిరుగుతుంది. నీలాంటివాళ్ళకు దెబ్బ తగిలేది అక్కడే. కాక్ ఒంటిని దాటిపోయాక ఆలస్యంగా అందుకుని, మణికట్టు వంగి ఉండగానే బలమంతా పెట్టి లేపుతారు. కాళ్ళు ముందు వెళ్ళాలి, బొటనవేలు గ్రిప్ వెడల్పు వైపు ఆనాలి, పిడికిలి వదులుగా ఉండి తగిలే క్షణంలోనే బిగియాలి. పక్కవాడు రాకెట్ లాగితే చేతిలోంచి జారివచ్చేంత వదులు అన్నమాట.

అన్ని మోచేతి నొప్పులూ ఇవే అనుకోకు. చిటికెనవేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతుంటే అది అల్నార్ నరం. గుబ్బమీద కాకుండా మూడు, నాలుగు వేళ్ళ కిందగా ముంజేతిలో నొప్పి ఉంటే రేడియల్ నరం నొక్కుకుపోయి ఉండొచ్చు. మెడ తిప్పితే నొప్పి చేతిలోకి దిగుతుంటే మెడ చూపించుకో. వీటికి బాటిల్ వ్యాయామం మందు కాదు, ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్ళు.

కింద పడ్డాక మోచేయి పూర్తిగా చాపలేకపోతే ఎక్స్‌రే తీయించాల్సిందే. మీ చంటిగాడు క్రికెట్లో దూకుతున్నాడట, వాడి విషయంలో ఇంకా జాగ్రత్త. పిల్లలకు మోచేతి పైభాగం విరిగితే ఎముక ముక్క రక్తనాళాన్ని నొక్కే ప్రమాదం ఉంది. నూనె రాసి తోమించడం, నాటుకట్టు బిగించడం అస్సలు వద్దు. వేళ్ళు పాలిపోయినా, చల్లబడినా, వేళ్ళు చాపితే కేకపెట్టినా అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. తెల్లారనీ అనుకోవద్దు.

నువ్వు మళ్ళీ ఆట మొదలుపెట్టేటప్పుడు వరస ఇది. మొదటివారం కాక్‌ను మెల్లగా నెట్ దగ్గర వేసే డ్రాప్‌లు, 20 నిమిషాలు మించకుండా, రోజు విడిచి రోజు. నొప్పి పెరగకపోతే క్లియర్‌లు, అంటే కాక్‌ను కోర్టు వెనక్కి ఎత్తి కొట్టడం. ఆ తర్వాత సగం బలంతో స్మాష్. బ్యాక్‌హ్యాండ్ క్లియర్ అన్నిటికన్నా చివర, అది కూడా కుర్చీ ఎత్తినప్పుడు నొప్పి లేకుండా పోయాకే.

ఇట్లు,
మీ మావయ్య