యూకే పార్లమెంటు ఎలా నడుస్తుందో ఏ పార్టీ వైపూ ఒరగకుండా చెప్పేవాళ్లు ఉన్నారా?

మీరు అడిగింది: యూకే వచ్చి మూడేళ్లయింది, వీసా రూల్స్ మాటిమాటికీ మారుతున్నాయి, టీవీ పెడితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు, పార్లమెంటు అసలు ఎలా నడుస్తుందో పక్షపాతం లేకుండా చెప్పే చోటు ఉందా అని.

ఉందండీ. హాన్సర్డ్ సొసైటీ అని లండన్‌లో ఒక చారిటీ. నాకు దాని పేరు తెలియడానికి ముందు నా పరువు కొంచెం పోయింది. ఆ సంగతి చెబితే వాళ్లు ఎందుకు పనికొస్తారో మీకే తెలుస్తుంది.

2024 ఏప్రిల్ 4 నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకి మామూలు జీతం పరిమితి 26,200 పౌండ్ల నుంచి 38,700కి పెంచారు, గుర్తుందా? మా తోడల్లుడు హైదరాబాద్ నుంచి రావాల్సినవాడు. చేతిలో ఆఫర్ 32 వేలది. ఆగిపోయింది. ఇంట్లో అందరికీ టెన్షన్. ఆ కోపంలో మా ఎంపీ గారికి పెద్ద మెయిల్ రాశాను: ఈ బిల్లుకి మీరు ఎటు ఓటేశారో చెప్పండి, లేకపోతే వచ్చే ఎన్నికల్లో మా ఇంటి ఓట్లు మీకు పడవు అని.

రెండు వారాలకి మర్యాదగా జవాబొచ్చింది. అది బిల్లు కాదు, దాని మీద సభలో ఓటింగే జరగలేదు అని. తప్పించుకుంటున్నారు అనుకున్నాను. మా వాట్సాప్ గ్రూపులో అప్పటికే ఎవరెవరు ఏ పక్కన ఓటేశారో పేర్లతో సహా మెసేజ్‌లు తిరుగుతున్నాయి మరి. సరే, ఎవరి మాట నిజమో తేల్చుకుందామని వెతికితే హాన్సర్డ్ సొసైటీ వాళ్ల వివరణలు దొరికాయి. ఎంపీ గారు చెప్పిందే నిజం.

సంగతేమిటంటే, 1971 నాటి ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం వీసా రూల్స్ మార్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ప్రభుత్వం మార్పుల పత్రాన్ని పార్లమెంటు ముందు పెడుతుంది. 40 రోజుల్లో రెండు సభల్లో (ఎంపీలుండే కామన్స్, పైసభ లార్డ్స్) ఏదో ఒకటి వద్దని తీర్మానం చేస్తే తప్ప అది అలా నడిచిపోతుంది. బిల్లయితే మొదటి రీడింగ్, రెండో రీడింగ్, కమిటీ, రిపోర్టు, మూడో రీడింగ్, ఆపైన లార్డ్స్, చివర రాజుగారి ఆమోదం, ఇంత తతంగం ఉంటుంది. దీనికి అదేం లేదు. 2025 జూలై 22న ఆ పరిమితిని మళ్లీ 41,700కి పెంచినప్పుడూ ఇదే దారి.

మనవాళ్లకి జీవో అంటే తెలుసు కదా. అసెంబ్లీ చట్టం చేస్తుంది, మిగతాదంతా సెక్రటేరియట్ నుంచి జీవోల్లో వస్తుంది. ఇక్కడ స్టాట్యూటరీ ఇన్‌స్ట్రుమెంట్లు అని ఉంటాయి, కాస్త అటూ ఇటూగా అలాంటివే. ఇమిగ్రేషన్ రూల్స్ సరిగ్గా ఆ లెక్కలోకి రావు గానీ దగ్గరి చుట్టాలే. ఈ స్టాట్యూటరీ ఇన్‌స్ట్రుమెంట్లలో ఒకదాన్ని కామన్స్ సభ చివరిసారి తిరస్కరించింది ఎప్పుడనుకున్నారు? 1979లో, కిరోసిన్ ధర సంగతి. అప్పటికి నేను పుట్టనే లేదు.

సొసైటీ వాళ్లు ఏళ్ల తరబడి పట్టుకు కూర్చున్నది ఈ విషయాన్నే. ఏ పార్టీ అధికారంలో ఉన్నా, ఏయే ఉత్తర్వులు సభ ముందుకొచ్చాయో ఒక్కొక్కటీ లెక్క పెట్టుకుంటూ పోతారు. 2021లో ఈ పద్ధతి మొత్తాన్ని మార్చడం ఎలాగో సమీక్ష మొదలుపెట్టారు. వీసా పరిమితి పెంచడం మంచిదా చెడ్డదా అన్నది వాళ్లు చెప్పరు. పెంచే ముందు ఎంపీలకి కాదనే అవకాశం ఎంత ఉంది అన్నది చెబుతారు. మొదట నాకిది చప్పగా అనిపించింది. నాకు కావాల్సింది నా కోపానికి తోడు పాడేవాడు కదా.

తర్వాత ఒక సెలవు రోజు పనిగట్టుకుని వెస్ట్‌మినిస్టర్ వెళ్లి ఇలాంటి ఉత్తర్వు మీద కూర్చునే కమిటీ ఒకటి చూశాను. ఎవరైనా వెళ్లొచ్చు, టికెట్ లేదు. గంటన్నర దాకా చర్చించుకోవచ్చని నియమం. నేను వెళ్లిన రోజు వానలో తడిసిన నా కోటు ఆరేలోపే ముగించి లేచారు. మంత్రి చదివారు, ప్రతిపక్షం నుంచి ఒకరు రెండు ప్రశ్నలడిగారు, మిగతావాళ్లు ఫోన్లు చూసుకున్నారు.

ఇక ఏ పార్టీ వైపూ ఒరగరనడానికి రుజువేమిటంటారా? పుట్టుక చూడండి. పార్లమెంటు చర్చల్ని ఉన్నదున్నట్టు రాసి అచ్చువేసే రికార్డుని హాన్సర్డ్ అంటారు. థామస్ కర్సన్ హాన్సర్డ్ అనే ప్రింటర్ ఇంటిపేరే దానికి మిగిలింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో స్టీఫెన్ కింగ్-హాల్ అనే ఎంపీ, ఒకప్పటి నౌకాదళ అధికారి, దీన్ని కొనేవాళ్లు మరీ తక్కువగా ఉన్నారని గమనించారు. ప్రజాస్వామ్యం కోసం యుద్ధం చేస్తున్నామంటూ సభలో ఏం మాట్లాడుకుంటున్నారో చదివేవాడు లేకపోతే ఎలా? ఆ ఆలోచనతో 1944లో సొసైటీ పెట్టారు. మొదటి సభ్యులు అప్పటి ప్రధాని, కన్జర్వేటివ్ పార్టీ నాయకుడు చర్చిల్, లేబర్ పార్టీ నాయకుడు అట్లీ. మరుసటి ఏడాదే ఆ ఇద్దరూ ఎన్నికల్లో ఎదురెదురు నిలబడితే అట్లీ గెలిచారు.

వాళ్లు 2004 నుంచి 2019 దాకా జనం రాజకీయాల గురించి ఏమనుకుంటున్నారో సర్వేలు కూడా వేశారు. 2019 దాంట్లో 54 శాతం మంది, రూల్స్‌ని పక్కన పెట్టడానికి వెనకాడని బలమైన నాయకుడు కావాలన్నారు. ఇది చదివాక నాకు మన ఊరి రచ్చబండ గుర్తొచ్చింది. అందరం ఒకటే.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, రిపోర్టుల జోలికి ఇప్పుడే పోకండి. బాగానే రాస్తారు గానీ కొత్తవాళ్లకి తలకెక్కదు. ‘పార్లమెంట్ మ్యాటర్స్’ అని పాడ్‌కాస్ట్ ఉంది. సొసైటీ డైరెక్టర్ రూత్ ఫాక్స్, చాలాకాలం బీబీసీకి పార్లమెంటు వార్తలిచ్చిన మార్క్ డార్సీ మాట్లాడుకుంటారు. నేను అంట్లు తోముతూ వింటాను. నాలుగైదు విన్నాక వార్తల్లో విప్, డివిజన్ లాంటి మాటలు వినబడితే కంగారు ఉండదు. వీసా సలహా మాత్రం వాళ్ల దగ్గర దొరకదు, అది లాయర్ల పని. మన పార్లమెంటు, అసెంబ్లీల సంగతి కావాలంటే ఢిల్లీలో 2005లో మొదలైన పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ ఉంది, వాళ్ల బిల్లుల సారాంశాలు చదవడానికి సులువు.

అన్నట్టు, పరువు సంగతి సగమే చెప్పాను. మా ఇంటి ఓట్లు పడవని ఎంపీ గారిని బెదిరించాను కదా, అప్పటికి మాకు ఓటే లేదు. కామన్వెల్త్ దేశస్థులం కాబట్టి వీసా మీద ఉన్నా ఇక్కడ ఓటు వేయొచ్చని నాకు తెలియదు. కౌన్సిల్ నుంచి వచ్చిన కవర్లు రెండేళ్లుగా ప్రకటనలనుకుని చెత్తబుట్టలో వేస్తున్నాను. మా ఆవిడ ఒక కవర్ విప్పి చదివి, “ఈ మొహానికా ఆ మెయిల్ రాసింది?” అంది. జూన్‌లో గడువు ముగిసేలోపు ఇద్దరం నమోదు చేసుకుని 2024 జూలై 4న ఎన్నికల్లో ఓటేయడానికి వెళ్లాం. గుర్తింపు కార్డు అడిగారు. భయపడుతూనే మన ఇండియన్ పాస్‌పోర్ట్ ఇచ్చాను. పోలింగ్ కేంద్రంలో కూర్చున్నావిడ ఫోటో చూసి, జాబితాలో పేరు మీద గీత గీసి, బ్యాలెట్ చేతిలో పెట్టింది. మీ కవర్ కూడా ఎక్కడో పడి ఉంటుంది, వెతకండి.