టెక్ సందేహాలు: కొత్త ఈ-రీడర్ కొనే ముందు పుస్తకాన్ని కొలవండి

ప్రశ్న: నేను హనుమకొండలో ఉండే రిటైర్డ్ టీచర్‌ని. 2015లో వచ్చిన 6 అంగుళాల కిండిల్ పేపర్‌వైట్ (అమెజాన్ ఈ-రీడర్) వాడుతున్నాను. ఈమధ్య చార్జింగ్ రెండు రోజులకు మించి ఆగడం లేదు. ఇంగ్లిష్ నవలలు హాయిగా చదువుకుంటున్నా గానీ, ఇంటర్నెట్ ఆర్కైవ్ నుంచి దించుకున్న పాత తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు తెరిస్తే అక్షరాలు చీమల్లా కనిపిస్తున్నాయి. 20 వేల లోపు కొత్తది ఏది తీసుకోమంటారు?

జవాబు: సార్, డబ్బు తీసే ముందు ఒక పని చేయండి. చార్జింగ్ తొందరగా అయిపోయిందంటే ప్రతిసారీ బ్యాటరీ పోయినట్టు కాదు. కొత్త ఫైల్ ఎక్కించగానే, తర్వాత వెతికితే దొరకడానికి, కిండిల్ అందులోని మాటలన్నిటికీ లోపల ఒక సూచిక తయారు చేసుకుంటుంది. ఏదో ఒక ఫైల్ దగ్గర ఆ పని చిక్కుకుపోతే, మీరు పక్కన పెట్టేసినా అది మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ చార్జింగ్ తినేస్తుంది. సెర్చ్‌లో అర్థం పర్థం లేని మాటేదైనా కొట్టండి. సూచిక పూర్తికాని పుస్తకాలుంటే ఆ సంగతి చెబుతుంది. వాటిని తీసేసి, రీస్టార్ట్ చేసి, ఒక వారం ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి చదవండి. అయినా రెండు రోజులే వస్తే బ్యాటరీ పనైపోయినట్టే. విప్పి మార్చేవాళ్లు దొరుకుతారు కానీ ఇంత పాత పరికరం మీద ఆ ఖర్చు నేనైతే పెట్టను.

ఇక చిన్న అక్షరాల సంగతి. షాపుల్లోనూ సైట్లలోనూ స్పష్టత గురించే ఎక్కువ చెబుతారు. మీ దాంట్లో అంగుళానికి 300 చుక్కలున్నాయి, 2024 పేపర్‌వైట్‌లోనూ అన్నే. స్పష్టత కోసమైతే మారాల్సిన పనే లేదు. మీకు తక్కువైంది చోటు.

మన పుస్తకాలు చాలావరకు ప్రెస్సువాళ్లు డెమ్మీ ఒన్ బై ఎయిట్ అనే సైజులో ఉంటాయి. ఇంచుమించు 14 సెంటీమీటర్ల వెడల్పు, 21.5 ఎత్తు. మీ కిండిల్ తెర 9 సెంటీమీటర్ల వెడల్పు, 12 ఎత్తు. మొత్తం పేజీ అందులో పట్టాలంటే అక్షరం దాదాపు సగానికి కుంచించుకుపోతుంది. ఇంగ్లిష్ అయితే ఆ సైజులోనూ ఎలాగో లాగించేయొచ్చు. తెలుగులో కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కదా, కన్ను అక్కడే ఆగిపోతుంది. నవలల్లో మాదిరిగా అక్షరం పెంచుకుందామంటే కుదరదు. స్కాన్ పుస్తకం అంటే పేజీకొక ఫొటో, అందులో కిండిల్‌కు తెలిసిన అక్షరం ఒక్కటీ ఉండదు.

కంప్యూటర్‌లో కంపోజ్ చేసిన తెలుగు పీడీఎఫ్‌లతో మరో తంటా. డీటీపీ వాళ్లు ఏళ్ల తరబడి అను ఫాంట్లు వాడారు. అవి యూనికోడ్ కావు, అంటే అన్ని పరికరాలూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాలు కావు. పేజీ చూడటానికి చక్కగానే ఉంటుంది గానీ, అక్షరం సైజు పెంచుకోగలిగే ఈపబ్ ఫైల్‌లోకి మార్చగానే పిచ్చి గీతలు వస్తాయి. అలాంటి వాటిని పీడీఎఫ్‌గానే ఉంచేయండి. తెలుగు వికీసోర్స్‌లో యూనికోడ్‌లోకి ఎక్కించిన పాత పుస్తకాలున్నాయి, ఈపబ్‌గా దించుకోవచ్చు. అక్కడ దొరికిన పుస్తకానికి స్కాన్ జోలికి వెళ్లకండి.

మీ బడ్జెట్‌లో నా ఓటు 7 అంగుళాల 2024 పేపర్‌వైట్‌కే. 2025 ఏప్రిల్‌లో మన దేశంలో విడుదలైనప్పుడు ధర 16,999 రూపాయలు. ఆ ఒక్క అంగుళం నిలువుగా పట్టుకుంటే పెద్దగా తేడా చూపించదు. అడ్డంగా తిప్పండి. ఆ తెర పొడవు 14.2 సెంటీమీటర్లు, అంటే డెమ్మీ పుస్తకం వెడల్పు అందులో సరిగ్గా కూర్చుంటుంది. అక్షరం అచ్చులో ఉన్న సైజులోనే వస్తుంది, కాకపోతే పేజీని పై సగం, కింది సగం అని రెండుసార్లుగా చదవాలి. నమ్మకం కుదరకపోతే 14.2 పొడవు, 10.7 వెడల్పుతో ఒక కాగితం కత్తిరించి ఇంట్లో ఏదైనా పుస్తకం మీద పెట్టి చూడండి. మీ ఊళ్లోనే 1904 నాటి రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం ఉంది, పాత పుస్తకాలకు కొదవ ఉండదు. కాగితం జేబులో వేసుకుని వెళ్లండి!

సగం సగం చదవడం చిరాకనిపిస్తే 10 అంగుళాల తెర ఒక్కటే దారి, అది మీ 20 వేలలో రాదు. రంగుల ఈ-రీడర్ల వైపు అసలు చూడకండి. నలుపు తెలుపు స్కాన్లకు ఆ డబ్బు దండగ.

కొత్తది వచ్చాక పాతదాన్ని కంప్యూటర్‌కు కలిపి, డాక్యుమెంట్స్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోండి. మీరు గీతలు గీసిన వాక్యాలు, రాసుకున్న నోట్స్ ‘మై క్లిప్పింగ్స్’ అనే ఫైల్లో అక్కడే ఉంటాయి. అమెజాన్‌లో కొన్న పుస్తకాలు అదే అకౌంట్‌తో కొత్తదాంట్లోకి వచ్చేస్తాయి. వాటిని కంప్యూటర్‌లోకి దించుకుని కేబుల్‌తో ఎక్కించే సౌకర్యాన్ని మాత్రం 2025 ఫిబ్రవరి 26న ఎత్తేశారు. వైఫై ఉండాల్సిందే. స్కాన్లను మెయిల్‌లో పంపితే 50 ఎంబీ వరకే, సెండ్ టు కిండిల్ వెబ్‌సైట్‌లో అయితే 200 ఎంబీ దాకా వెళ్తాయి. పాతది ఎవరికైనా ఇచ్చేస్తుంటే ముందు డీరిజిస్టర్ చేసి (అంటే మీ అకౌంట్ నుంచి దాన్ని తీసేసి), ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి.

ప్రశ్న: కరీంనగర్‌లో ఉంటూ గ్రూప్-2కు ప్రిపేర్ అవుతున్నాను. ఫోన్‌లో మెటీరియల్ చదివి కళ్లు మండుతున్నాయి. ఈ-రీడర్ కొనుక్కోవచ్చా అన్నా?

జవాబు: వద్దు తమ్ముడూ. మీ మెటీరియల్ అంతా ఏ4 సైజు పీడీఎఫ్‌లు, రంగుల మ్యాపులు, పట్టికలు. పైన సార్‌కు చెప్పిన చోటు సమస్య మీకు ఇంకా ఎక్కువ. పైగా మీరు ముందు పేజీకీ వెనక పేజీకీ గబగబా తిరగాలి, ఈ-రీడర్లలో ఉండే ఈ-ఇంక్ తెర నిదానం. 10 అంగుళాల మామూలు ట్యాబ్ తీసుకోండి, వెలుతురు తగ్గించి పెట్టుకోండి. పదే పదే తిరగేసే చాప్టర్లు మాత్రం జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించి స్పైరల్ బైండింగ్ చేయించుకోండి.